కొండ వయసు గురించి ఇంట్లో గొడవ

ప్రశ్న: మా అబ్బాయి ఎమ్మెస్సీ జియాలజీ చదువుతున్నాడు. ఘాట్ రోడ్డులో రాళ్ల పొరలు చూసొచ్చినప్పటి నుంచి, 'ఈ కొండ ఆదిశేషుడు కాదు, గట్టిపడిన ఇసుక' అంటున్నాడు. వాళ్ల నాన్నకు కోపం. ఇంట్లో ఒకటే టెన్షన్. సైన్సుకూ దేవుడికీ పొత్తు కుదిర్చే ప్రాసెస్ ఫిలాసఫీ అని ఒకటి ఉందట. అది మాకేమైనా పనికొస్తుందా?
– ఒక తల్లి, తిరుపతి

జవాబు: అమ్మా, మీవాడు చెప్పింది నిజం. ఆ రోడ్డు పక్కనే కింద గ్రానైట్, దాని మీద క్వార్ట్జైట్ కనిపిస్తాయి. రెండూ ఏర్పడిన కాలాల మధ్య సుమారు 80 కోట్ల ఏళ్ల విరామం. క్వార్ట్జైట్ ఒకప్పుడు ఇసుకే. ఇందులో వాళ్ల నాన్న కాదనాల్సింది ఏమీ లేదు.

మీరడిగిన తత్వం ఆల్‌ఫ్రెడ్ నార్త్ వైట్‌హెడ్ అనే ఇంగ్లండ్ తత్వవేత్తది. మొదట లెక్కల మనిషి, 63వ ఏట, 1924లో, ఇంగ్లండ్ వదిలి హార్వర్డ్‌లో తత్వం చెప్పడానికి వెళ్లాడు. లోకం వస్తువుల కుప్ప కాదు, జరుగుతున్న సంఘటనల అల్లిక అన్నాడు. ఆ లెక్కన కొండ కూడా ఇంకా జరుగుతూనే ఉంది: వాన కోస్తోంది, వేరు చీలుస్తోంది. మోకాళ్ల మెట్టు దగ్గర గోవిందా అంటూ మోకాళ్లతో ఎక్కే ముసలమ్మ అనుభవమూ అలాంటి సంఘటనే, రాయి ఎంత నిజమో అదీ అంత నిజం. రాయిలో సిలికా ఎంతో చెప్పే లెక్క అవసరమే, కానీ ఆ లెక్కే మొత్తం కొండ అనుకోవడం పొరపాటు. ఈ మాట మీవాడికి చెప్పండి.

వాళ్ల నాన్నకు చెప్పాల్సింది వేరే. విజ్ఞానంలాగా మార్పును ఎదుర్కోగలిగితేనే మతానికి పాత బలం తిరిగొస్తుందని వైట్‌హెడ్ 1925లోనే రాశాడు. నాకు ఆయనలో అన్నిటికన్నా విలువైన మాట ఇదే.

ఒకటి దాచను. వైట్‌హెడ్ చెప్పే దేవుడు ప్రకృతి నియమాలను ఆపి మొక్కులు తీర్చడు. మేలైన దారి చూపి పిలుస్తాడు, బలవంతపెట్టడు, మన బాధలో పాలుపంచుకుంటాడు. ఏడుకొండలవాడిని నమ్మేవాళ్లకు ఇది చాలకపోవచ్చు. పురాణానికి రుజువుగా ఈ తత్వాన్ని వాడుకోవడమూ నాకు నచ్చదు.

మీవాడు వైట్‌హెడ్ పుస్తకాలు చదువుతానంటే 1929 నాటి 'ప్రాసెస్ అండ్ రియాలిటీ'తో మొదలుపెట్టనివ్వకండి, అది చాలా కఠినం. 'సైన్స్ అండ్ ది మోడర్న్ వరల్డ్'లో 12వ అధ్యాయం మతం, విజ్ఞానం గురించే. దాన్ని వాళ్ల నాన్నకు తెలుగులో చెప్పమనండి.