ఎన్నాళ్లకు ఎన్నిసార్లు? – యువ రచయితకు లేఖ

తమ్ముడూ,

నీ అనువాదం చదివాను. వాక్యం సాఫీగా నడుస్తోంది. ఒక్కచోట మాత్రం ఎర్ర గీత పెట్టాను. మేడారం జాతర ‘ఏడాదికి రెండుసార్లు’ జరుగుతుందని రాశావు. మూలంలో ఉన్న మాట ‘బయెనియల్’, అంటే రెండేళ్లకోసారి. 2022, 2024, 2026లో జరిగింది చూడు. ఏడాదికి రెండుసార్లయితే ‘బయాన్యువల్’ అని ఉండాలి. చెవికి రెండూ దాదాపు ఒకటే, లెక్కలో మాత్రం నాలుగింతల తేడా.

చిక్కంతా ‘బై’ దగ్గరే ఉంది. ‘బైమంత్లీ’ అంటే నెలకు రెండుసార్లా, రెండు నెలలకోసారా? ‘బైవీక్లీ’ అంటే వారానికి రెండుసార్లా, రెండు వారాలకోసారా? మంచి నిఘంటువులు కూడా రెండర్థాలూ ఇస్తాయి. కాబట్టి నిఘంటువు తేల్చదు, తేదీలే తేల్చాలి. రిజర్వు బ్యాంకు ద్రవ్య విధాన సమీక్షను ‘బైమంత్లీ’ అంటారు. ఏడాదికి ఆరు సమీక్షలు కనుక అది రెండు నెలలకోసారి. తేదీలు దొరక్కపోతే మూలం రాసినవాళ్లనే అడుగు, ఊహించి మాత్రం రాయకు.

జీతాల దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండు. అమెరికాలో ‘బైవీక్లీ’ జీతమంటే 14 రోజులకోసారి, అంటే ఏడాదికి మామూలుగా 26 విడతలు. ‘సెమీమంత్లీ’ అంటే నెలకు రెండుసార్లు, మొత్తం 24. ఏడాదికి 52,000 డాలర్ల మనిషికి పన్నులు పోకముందు మొదటి లెక్కన విడతకు 2,000, రెండో లెక్కన సుమారు 2,167 వస్తాయి. రెండింటికీ ‘నెలకు రెండుసార్లు’ అని రాస్తే, ఏడాదిలో రెండు నెలల్లో మూడో జీతం పడే సంగతే కథలోంచి జారిపోతుంది.

‘ఫోర్ట్‌నైట్’ అంటే పద్నాలుగు రాత్రులు. పాత ఇంగ్లిషు మాట అలా కుదించుకుపోయింది. మన పక్షానికి 15 తిథులు. నెలకు రెండు సంచికలు తెచ్చే పక్షపత్రికకు ఏడాదికి 24, పద్నాలుగు రోజులకోసారి తెస్తే 26. కథలో ‘పక్షం’ అందంగానే ఉంటుంది, లెక్క ముఖ్యమైనచోట ‘రెండు వారాలు’ అని రాయి.

తెలుగులో ఈ తికమకే లేదు. ‘నెలకు రెండుసార్లు’, ‘రెండు నెలలకోసారి’ అంటే చదవడం అప్పుడే నేర్చిన పిల్లవాడు కూడా తడబడడు. ఇంత చక్కని వీలును వదిలేసి వార్తలో ‘ద్వైమాసికంగా’ అని రాయడం నాకు బాధగా ఉంటుంది. ఆ మాట పత్రిక పేరు కింద ఉంటే చాలు.

‘ఎవ్రీ అదర్ డే’ని ‘ప్రతి ఇతర రోజు’ అని రాస్తున్నారు. అది తెలుగు కాదు. రోజు విడిచి రోజు అనాలి. మందుల చీటీ అయితే మొదటి రెండు మూడు తేదీలు కూడా వేయి. వారాల పేర్లు వేయకు. సోమ, బుధ, శుక్ర, ఆది తర్వాత మంగళవారం వస్తుంది, రెండో వారానికే లెక్క తప్పుతుంది.

మొక్కల సంగతి వేరు. క్యారట్, క్యాబేజీ ‘బయెనియల్’ అంటే రెండేళ్లకోసారి పూస్తాయని కాదు. మొదటి ఏడు ఆకో దుంపో పెంచుకుని, రెండో ఏడు పూసి, గింజ కట్టి చచ్చిపోతాయి. ఇక్కడ మాట చెప్పేది ఆయుష్షు. ‘పెరెన్నియల్’ కూడా అంతే. నదికైతే జీవనది, మొక్కకైతే బహువార్షికం, సమస్యకైతే ఎన్నేళ్లయినా తీరనిది.

వాన చూసి మాట ఎంచుకో. ‘కంటిన్యువస్’ అంటే ఎడతెరిపి లేనిది. ‘కంటిన్యువల్’ అంటే పదేపదే వచ్చేది, మధ్యలో తెరిపి ఉండొచ్చు. ‘స్పోరాడిక్’ అంటే అడపాదడపా, ఎప్పుడో తెలియనిది. ‘రెగ్యులర్’ను ‘తరచూ’ అనకు. గోదావరి పుష్కరాలు 2015లో వచ్చాయి, మళ్లీ 2027లో. పన్నెండేళ్ల వరస తప్పదు, అలాగని తరచూ వచ్చేవీ కావు.

మేడారం వాక్యం దిద్ది, శీర్షికలోనూ అదే తప్పు దొర్లిందేమో చూసి పంపు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య