'నీకు విశ్వాసం లేదు' అంటున్నారు మా ఆయన

ప్రశ్న: మేడమ్ గారికి వందనాలు. మాది గాజువాక. మా ఆయన ఒక ప్రైవేటు కంపెనీలో ఫిట్టరు. జీతం 34 వేలు. పెళ్ళయిన దగ్గర్నుంచీ చర్చికి దశమభాగం, అంటే జీతంలో పదోవంతు, తీసి పక్కన పెట్టాకే మిగతా ఖర్చు. దానికి నేనెప్పుడూ అడ్డు చెప్పలేదు, నాకూ ఇష్టమే. కిందటేడాది నుంచి ఆయన వేరే ప్రార్థన కూడికకి వెళ్తున్నారు. అక్కడ 'విత్తనం వెయ్యండి, నూరంతలు కోస్తారు' అంటారట. ఫోన్‌లో స్కానర్ పెడతారు. ఈ పదకొండు నెలల్లో దశమభాగం కాక లక్షా పన్నెండు వేలు ఇచ్చేశారు. అందులో 70 వేలు నా గొలుసు తాకట్టు పెట్టి తెచ్చినవి. మెరుగు పెట్టించి తెస్తానని తీసుకెళ్ళారు. అమ్మాయి బీటెక్ ఫీజు 40 వేలు నెలాఖరుకి కట్టాలి. అత్తయ్యకి షుగరు, రోజూ ఇన్సులిన్ ఉండాలి. ఆవిడేమో 'నా మందులకేటైపోద్దిలేయే, ఆడ్నేటీ అనకు' అంటుంది. గట్టిగా అడిగితే ఆయన 'నీకు విశ్వాసం లేదు, నీ వల్లే ఆశీర్వాదం ఆగిపోతోంది' అంటారు. తాగుడు లేదు, వేరే చెడ్డ అలవాట్లు లేవు. ఈ మధ్య రాత్రిళ్ళు మూడింటికే లేచి కూర్చుంటున్నారు. పోయినేడు కంపెనీలో ప్రమాదం జరిగి పక్కన పనిచేసే కుర్రాడు చనిపోయాడు, ఈయన టీ తాగడానికి వెళ్ళబట్టి బతికారు. ఆ కృప తలుచుకునైనా ఇంటిని పట్టించుకోవద్దా? ఇప్పుడు నేనూ బియ్యం డబ్బాలో అయిదొందల నోట్లు దాస్తున్నా. చర్చిలో కానుకల సంచి వస్తుంటే చిరాకేస్తోంది. ఆయన ఇస్తుంటే ఆపడం పాపమా? నాకు నిజంగానే విశ్వాసం తగ్గిపోయిందా?
– ఒక సోదరి, గాజువాక

జవాబు: అమ్మా, మీరడిగిన రెండిటికీ ముందే చెప్పేస్తాను, లేకపోతే మిగతాది మీ చెవికెక్కదు. ఆపడం పాపం కాదు. విశ్వాసం తగ్గినట్టు నాకు కనబడలేదు, అలిసిపోయినట్టు కనబడింది. ఇన్నేళ్ళుగా పదోవంతు తీసి, మిగిలినదాంతో ఇల్లు లాక్కొచ్చిన మనిషిని పట్టుకుని ఆ మాట అనడం అన్యాయం. సంచి చూస్తే వచ్చే చిరాకు కూడా ఇవ్వడం మీద కాదు. 'మెరుగు పెట్టించి తెస్తాను' అన్న అబద్ధం మీద.

మా అమ్మమ్మది భీమిలి దగ్గర పల్లె. ఎసరు పెట్టి బియ్యం కొలిచాక, కడగకముందే ఒక గుప్పెడు తీసి మూల కుండలో వేసేది. ఆదివారం ఆ కుండ గుడ్డసంచిలోకి వంచుకుని చర్చికి తీసుకెళ్ళేది. నాకు ఎనిమిదేళ్ళప్పుడు అనుకుంటాను, వానలకి ఇంట్లో గింజ లేక పక్కింటి నుంచి సోలెడు బియ్యం బదులు తెచ్చింది. ఆ రోజు గుప్పెడు తియ్యలేదు. మర్చిపోయిందనుకుని నేను గుర్తుచేశాను. 'ఇవి మనవి కావే, పక్కింటోళ్ళవి. పక్కింటోళ్ళ బియ్యంతో నేను దేవుడికి కానుకెయ్యడమేటి?' అంది. అంతే, పొయ్యి ఊదుకుంటూ కూర్చుంది. ఆ వారం కుండ అడుగున ఎన్ని ఉంటే అన్నే పట్టుకెళ్ళింది.

మీ ఉత్తరం చదువుతుంటే ఆ సోలెడు బియ్యమే గుర్తొచ్చింది. గొలుసు మీది. ఫీజు అమ్మాయిది. ఇన్సులిన్ డబ్బు ఆ పెద్దావిడది. ఆమె వద్దన్నా ఆమెదే. మీ వారు ఇచ్చిన లక్షా పన్నెండు వేలలో ఆయనవి ఎన్ని?

బైబిల్ వాక్యం దగ్గరికి వస్తాను, ఎందుకంటే మీ ఇంట్లో గొడవ ఆ భాషలోనే జరుగుతోంది. మీ వారు మలాకీ మూడో అధ్యాయం చూపిస్తారని నాకు తెలుసు, అందరూ అదే చూపిస్తారు. 'పదియవ భాగమంతయు మీరు నా మందిరపు నిధిలోనికి తీసికొని రండి.' ఆ పని మీ ఇల్లు చేస్తూనే ఉంది కదా. అదే అధ్యాయంలో అయిదు వచనాలు పైకి వెళ్తే, కూలివాళ్ళనీ విధవరాళ్ళనీ తండ్రిలేని పిల్లలనీ బాధపెట్టేవాళ్ళ మీద దేవుడు సాక్ష్యం చెబుతానంటాడు. ఆ వచనం మీద ప్రసంగం మీరెప్పుడైనా విన్నారా? నేనైతే ఒకటో రెండో విన్నాను. ఇక ద్వితీయోపదేశకాండం 14లో చూస్తే, మూడో ఏట తీసిన పదోవంతు మందిర సేవ చేసే లేవీయులతో పాటు పరదేశులూ, తండ్రిలేని పిల్లలూ, విధవరాళ్ళూ కడుపు నిండా తినడానికే.

విత్తనం, నూరంతలు అనే మాట మార్కు సువార్త నాలుగో అధ్యాయంలోది. అక్కడ విత్తనం అంటే వాక్యమని యేసే విడమరిచి చెప్పాడు. అయితే మీ వారు తెలివైనవారైతే కొరింథీయులకు రాసిన రెండో పత్రిక తొమ్మిదో అధ్యాయం తీస్తారు. అక్కడ పౌలు విత్తడం, కోయడం అన్నది నిజంగానే డబ్బు గురించే. కాదనకండి. ఆ కింది వచనం కూడా కలిపి చదవమనండి: 'సణుగుకొనకయు బలవంతముగా కాకయు ప్రతివాడును తన హృదయములో నిశ్చయించుకొనిన ప్రకారము ఇయ్యవలెను.' ఆ చందా పౌలు తనకోసం ఎత్తింది కూడా కాదు, యెరూషలేములో ఇబ్బందుల్లో ఉన్న బీద విశ్వాసులకోసం. దానికి ముందు అధ్యాయంలోనే, కలిగినదాని కొలదీ ఇస్తే చాలు, లేనిదాని కొలదీ కాదు అన్నాడు.

కానుకల పెట్టెలో తనకున్న రెండు కాసులూ వేసేసిన విధవరాలు ఉంది కదా అంటారు. ఉంది. మన విశాఖవాళ్ళకి ఆ కథ మీద కొంచెం ఎక్కువ హక్కే ఉందని నేను సరదాగా అంటుంటాను. 1805లో ఇక్కడికొచ్చిన మిషనరీల్లో ఒకరు ఆగస్టస్ డి గ్రాంజెస్. ఆనందరాయర్ అనే ఆయన సాయంతో మత్తయి, మార్కు, లూకా సువార్తల్ని ఈ ఊళ్ళో కూర్చునే తెలుగు చేశారు. డి గ్రాంజెస్ 1810లో పోయారు, పుస్తకం 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయింది. ఆ మార్కు సువార్తే తీసి చూడండి. విధవరాలు కాసులు వేసే ముందు, విధవరాళ్ళ ఇళ్ళు దిగమింగే శాస్త్రుల (ధర్మశాస్త్రం బోధించేవాళ్ళ) గురించి యేసు హెచ్చరిస్తాడు. ఆ వెంటనే ఈమె కనబడుతుంది. ఆమె వేసినవి ఆమె సొంత కాసులు. కోడలి మెడలోవి కావు.

ఇదంతా మీకోసం చెప్పాను. ఆయన మొహాన కొట్టడానికి కాదు. 'తన యింటివారిని సంరక్షింపకపోయిన యెడల' అన్న తిమోతి పత్రిక వచనం కూడా మీ నాలుక చివర ఉండే ఉంటుంది, దాన్ని అక్కడే ఉంచండి. వచనానికి వచనం విసురుకునే ఇంట్లో ఎవరూ గెలవరు, నేను చాలా ఇళ్ళు చూశాను.

ఇప్పుడు అసలు సంగతి. మీరు ఉత్తరం చివర్లో రెండు వాక్యాల్లో చెప్పి దాటేశారు చూడండి, టీ గురించి. నేను అక్కడే ఆగిపోయాను. ప్రమాదం పోయినేడు. కొత్త కూడిక కిందటేడాది నుంచి. నిద్ర మూడింటికి పోతోంది. ఈ మూడూ ఒకే తాడుకి ఉన్న ముళ్ళలా కనిపిస్తున్నాయి నాకు. దాన్ని మీరు కృప అంటున్నారు, నిజమే. కానీ ఆయన లోపల అది అప్పులా కూర్చుని ఉండొచ్చు. పది నిమిషాలు అటూ ఇటూ అయితే పోయేది తానే. ఆ కుర్రాడి బదులు తాను ఉన్నాడు. ఈ బాకీ ఎవరికి కట్టాలి? కట్టడానికి ఎక్కడా చోటు దొరక్క తిరుగుతున్న మనిషికి ఒకరు స్కానర్ చూపించారు. ఆయన మీ మీద ప్రేమ లేకో, ఆశపడో ఇస్తున్నారని నాకనిపించడం లేదు. భయపడి ఇస్తున్నారు. ఇస్తే ఒక వారం తేలిక, మళ్ళీ బరువు, మళ్ళీ ఇంకొంచెం ఎక్కువ. నా ఊహ తప్పైనా కావచ్చు, ఆయన్ని నేను చూడలేదు. అయినా ఒకసారి అడిగి చూడండి, డబ్బు మాట ఎత్తకుండా: 'ఆ రోజు ఏం జరిగిందో నాకు మీరెప్పుడూ పూర్తిగా చెప్పలేదండీ' అని. కూడిక నుంచి వచ్చిన రాత్రి వద్దు. డ్యూటీ లేని రోజు, అత్తయ్య పక్కన లేనప్పుడు అడగండి. ఆయన చెబుతుంటే మధ్యలో సలహా ఇవ్వకండి. ఏడిస్తే ఏడవనివ్వండి.

ఆ నిద్ర సంగతి ఇంకో నెల చూద్దామని వదిలెయ్యకండి. 14416కి ఫోన్ చేస్తే టెలిమానస్ (ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య సలహా సేవ) వాళ్ళు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, అక్కడ ఓపీలో చూపించవచ్చు. 'పిచ్చాసుపత్రికా!' అని ఉలిక్కిపడకండి. నిద్ర పట్టడం లేదని వెళ్ళేవాళ్ళూ అక్కడ ఉంటారు. ప్రార్థనా చేసుకోవచ్చు, డాక్టరు దగ్గరికీ వెళ్ళవచ్చు, అత్తయ్య ఇన్సులిన్ వేసుకునీ ప్రార్థన చేస్తున్నారు కదా.

డబ్బు మాట ఇంకో రోజు. ఒక నోటుబుక్కు తియ్యండి. లెక్క ఆయన చేతే రాయించండి, మీరు చెబుతూ ఉండండి. మీ ఇంటి ఖర్చు నాకు తెలియదు గానీ, గాజువాకలో ఆ జీతంతో ఉండే ఇల్లు ఉజ్జాయింపుగా ఇలా ఉంటుంది: అద్దె 8 వేలు, సరుకులు, పాలు, గ్యాసు 9,500, మందులు 2,200, చదువులకి 3 వేలు, కరెంటు, ఫోన్లు 1,500, తాకట్టు వడ్డీ 900, చీటీ 3 వేలు. దశమభాగం 3,400 కూడా అందులోనే రాయండి, మొదటి వరసలోనే రాయండి. మొత్తం 31,500. మిగిలేది 2,500. ఈ అంకె ఆయన చేతిరాతలో ఆయన కళ్ళముందు ఉండాలి. దశమభాగం దాటి ఇచ్చేది ఏదైనా, పండగైనా, జ్వరమైనా, చుట్టాల పెళ్ళైనా ఆ 2,500లోంచే రావాలి. 'ఇంతకు మించి ఇద్దరం ఒప్పుకోకుండా ఒక్క రూపాయీ కదలదు, అది మీరైనా నేనైనా' అని ఇద్దరూ కింద సంతకం పెట్టుకోండి. నవ్వులాటగా ఉన్నా పెట్టుకోండి.

మీరైనా నేనైనా అన్నాను కదా. బియ్యం డబ్బాలో నోట్లు ఆ రోజే తీసి బల్ల మీద పెట్టెయ్యండి. మీ భయం నాకు అర్థమవుతుంది, నేనైనా దాచేదాన్నేమో. కానీ ఆయన గొలుసు దాచిపెట్టి ఇచ్చారు, మీరు నోట్లు దాచిపెట్టి ఆపుతున్నారు. పొలం అమ్మి, కొంత దాచుకుని, అంతా ఇచ్చేశామన్న దంపతులు అననీయ, సప్పీరాల కథ మీకు తెలుసు. పొలం అమ్మిన డబ్బంతా ఇవ్వలేదని పేతురు కోప్పడలేదు. అది నీ దగ్గరున్నప్పుడు నీదే కదా అన్నాడు, అబద్ధమెందుకు ఆడావన్నాడు. ఆ నోట్లు ఫీజు కవర్లో వెయ్యండి. మిగతా ఫీజుకి కాలేజీకి వెళ్ళి రెండు మూడు వాయిదాలు అడగండి, ముందుగా వెళ్ళి అడిగితే చాలా కాలేజీలు కాదనవు. చీటీ పాడుకునే వీలుంటే పాడుకోండి. గొలుసు ప్రైవేటు ఫైనాన్స్‌లో ఉంటే, బ్యాంకుకి మారిస్తే వడ్డీ తగ్గుతుందేమో కనుక్కోండి. వడ్డీ మాత్రం నెలనెలా కట్టండి, వేలందాకా రానివ్వకండి.

ఇచ్చిన డబ్బు తిరిగొస్తుందని ఆశ పెట్టుకోకండి. అడిగి చూడొచ్చు, కానీ దానికోసం నెలలు పోగొట్టుకోకండి. మీ పాత చర్చి అయ్యగారితో ఆయన్ని ఒకసారి మాట్లాడించండి. డబ్బు గురించి కాదు, ఆ చావు గురించి. అయ్యగారి కన్నా అమ్మగారు బాగా వింటారనుకుంటే ఆవిడతోనే.

ఇంకొకటి ఉంది. ఆ చనిపోయిన కుర్రాడి ఇల్లు ఎక్కడో మీ వారికి తెలిసే ఉంటుంది. ఏ అనకాపల్లి వైపో, పరవాడ వైపో. ప్రమాదం తర్వాత ఈయన ఆ ఇంటి గుమ్మం తొక్కారా? తొక్కలేదని నా అనుమానం. ఎలా మొహం చూపించాలో తెలియక ఆగిపోయి ఉంటారు. 'దిక్కులేని పిల్లలను విధవరాండ్రను వారి యిబ్బందిలో పరామర్శించుట' అని యాకోబు రాసింది ఇలాంటి గుమ్మాల గురించే. వెళ్ళండి, ఇద్దరూ కలిసి వెళ్ళండి. భార్య ఉందో, ముసలి తల్లిదండ్రులే ఉన్నారో, వాళ్ళకి రావలసినవి వచ్చాయో లేదో కనుక్కోండి. ఆ కుర్రాడికి ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) ఉండి ఉంటే, పనిలో ప్రమాదంతో పోయినవాడి మీద ఆధారపడ్డవాళ్ళకి అందరికీ కలిపి సగటు జీతంలో 90 శాతం లెక్కన నెలనెలా డబ్బు వస్తుంది. ఈఎస్ఐ లేకపోతే యజమాని నష్టపరిహారం ఇవ్వాలి, దానికి కార్మిక శాఖ ఆఫీసులో దరఖాస్తు చెయ్యాలి. ఈ కాగితాలు ఆ ఇంట్లోవాళ్ళకి అర్థం కాకపోవచ్చు. డ్యూటీ రికార్డు ఎక్కడుంటుందో, ఎవర్ని అడగాలో మీ వారికి తెలుసు. ఆయన రెండు సెలవులు పెట్టి వాళ్ళని వెంటబెట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగితే, ఏ స్కానర్‌లోకీ పట్టని కానుక అది. ఆ తర్వాత మీ 2,500లోంచి నెలకి మూడొందలో అయిదొందలో ఆ ఇంటివాళ్ళ పేరున పక్కన పెడదామని మీ ఇద్దరికీ అనిపిస్తే, అది మీ ఇష్టం.

మొదటిసారి వెళ్ళేటప్పుడు మాత్రం కవరు పట్టుకెళ్ళకండి. పిల్లలుంటే అరడజను అరటిపళ్ళు, బిస్కెట్లు చాలు. ఆయన గుమ్మం దగ్గర ఆగిపోతే మీరు ముందు లోపలికి వెళ్ళండి.