చెరువు గట్టు మీద పదో తరగతి

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లె. మా అక్క కువైట్‌లో ఇంటిపని చేస్తోంది. వాళ్ళబ్బాయికి పదహారేళ్ళు, మా దగ్గరే ఉంటాడు. పదో తరగతిలో లెక్కలు, సైన్సు పోయాయి. అప్పట్నుంచి రొయ్యల చెరువు మీద మేత వెయ్యడానికి, రాత్రి కాపలాకి పోతున్నాడు. మళ్ళీ పరీక్ష రాయడట, పద్దెనిమిది నిండగానే కువైట్ పోతాడట. అక్క ఫోన్లో ఒకటే ఏడుపు. గట్టిగా అంటే వాడు అన్నం మానేస్తున్నాడు. ఏం చెయ్యమంటారు?
— ఒక పిన్ని

జవాబు: అమ్మా, ముందు మీ అక్కగారికి చెప్పండి, ఓ పది రోజులు ఫోన్లో చదువు ఊసెత్తవద్దని. ఏం తిన్నాడో, చెరువెలా ఉందో అడిగితే చాలు. తల్లి ఏడుస్తుంటే పిల్లాడికి పుస్తకం గుర్తుకు రాదు, డబ్బు సంపాదించి ఆమెను ఇంటికి తెచ్చుకోవాలన్న తొందరే పుడుతుంది. వాడిది బద్ధకమని నాకు అనిపించడం లేదు.

కువైట్ మాట కొట్టిపారేయకండి. పది పాసైన సర్టిఫికెట్ లేకుండా పెద్దయ్యాక పాస్‌పోర్టు తీస్తే మామూలుగా ఈసీఆర్ (వలస తనిఖీ అవసరమైన పాస్‌పోర్టు) కింద వస్తుంది. అప్పుడు అక్కడ పనికి వెళ్ళాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే ప్రభుత్వ అనుమతి, తెచ్చుకోవాలి. పాసైతే ఆ బెడద లేదు. ఈ సంగతి వాడికి వాళ్ళమ్మే చెప్పాలి, బతిమాలుతూ కాదు, మామూలుగా.

రాత్రి కాపలా మాత్రం ఇవాళే మాన్పించండి. నిద్ర చాలని పిల్లాడికి లెక్కలు ఎక్కవు. పైగా తడి గట్టు మీద ఏరేటర్ల (నీళ్ళకు గాలి అందించే యంత్రాల) కరెంటు వైర్ల మధ్య పదహారేళ్ళవాణ్ణి వదలడం ప్రాణాలతో చెలగాటం. పగలు ఒక పూట మేత పని ఉండనివ్వండి. మొత్తం మానమంటే మొండికేస్తాడు.

ఇక పరీక్ష. పాసైన సబ్జెక్టులు మళ్ళీ రాయక్కర్లేదు, పోయిన రెండే. ఫలితాలు వచ్చిన కొద్ది రోజులకే సప్లిమెంటరీ ఫీజు గడువు ముగుస్తుంది, చాలామంది పిల్లలు జారిపోయేది అక్కడే. వాడు చదివిన బడి హెడ్మాస్టరు దగ్గరికి మీరే వెళ్ళి కట్టండి. గడువు దాటిపోతే వచ్చే మార్చికి రాయించండి. ఓపెన్ స్కూల్లో చేర్చమని ఎవరైనా చెప్తారు. అక్కడ కనీసం అయిదు సబ్జెక్టులు కావాలి, పాత మార్కులు రెండింటికే బదిలీ అవుతాయి. అంటే మూడు రాయాలి. మీవాడికి పాత దారే దగ్గర.

లెక్కల పేపరు 100 మార్కులు, పాసుకి 35. ఒక మార్కువి 12, రెండు మార్కులవి 8, నాలుగువి 8, ఎనిమిదివి 5. ఒకటి, రెండు మార్కులవే కలిపి 28 మార్కులు. అన్నీ సరిగ్గా రావు కాబట్టి గ్రాఫు, సాంఖ్యక శాస్త్రం, సంభావ్యత బాగా సాధన చేయించండి. తక్కువ సూత్రాలతో పనయ్యే పాఠాలివి. త్రికోణమితితో మొదలుపెడితే వారంలో పుస్తకం మూసేస్తాడు.

నిజానికి వాడు రోజూ లెక్కలే చేస్తున్నాడు. 50 కౌంటంటే కిలోకి 50 రొయ్యలు, ఒక్కోటి 20 గ్రాములు. చెరువులో లక్ష ఉంటే 2,000 కిలోలు. ఆ బరువులో మూడు శాతం మేతంటే రోజుకి 60 కిలోలు. ఇది నోటితో చెప్పగలిగినవాడికి శాతాలు రావని ఎవరన్నారు? సైన్సూ అంతే. తెల్లవారుజామున రొయ్యలు పైకెందుకు తేలతాయో వాణ్ణే అడగండి. రాత్రి వెలుతురు ఉండదు, నీళ్ళలోని నాచు ఆక్సిజన్ తయారుచెయ్యదు, ఉన్నదాన్ని పీల్చేస్తుంది. జీవక్రియల పాఠంలో కిరణజన్య సంయోగక్రియ, శ్వాసక్రియ అంటే ఇదే. ఊళ్ళో డిగ్రీ చదివే కుర్రాడెవరైనా పొద్దున్నే గంటసేపు ఇలా చెరువుతో ముడిపెట్టి చెప్తే చాలు.

పాసయ్యాక ఐటీఐలో ఎలక్ట్రీషియన్, ఫ్రిజ్-ఏసీ మెకానిక్ కోర్సులు రెండేళ్ళు. రొయ్యల ప్లాంట్లలో శీతల యంత్రాలు ఆగితే సరుకు పోతుంది, ఆ పని తెలిసినవాడి అవసరం ఉంటుంది. చెరువే ఇష్టమంటే రెండేళ్ళ ఫిషరీస్ డిప్లొమా ఉంది. మరీ ససేమిరా అంటే ఎనిమిది పాసైనవాళ్ళు కూడా చేరగల వెల్డర్ కోర్సు ఏడాదిది. అది ఆఖరి దారిగానే చూపండి.

అన్నం మానడం అలకతో ఆగక, ఎవరితోనూ మాట్లాడకపోవడం, చచ్చిపోతానన్న మాట వస్తే పరీక్ష సంగతి పక్కన పెట్టి 14416కి ఫోన్ చెయ్యండి. అది టెలీ మానస్, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం, తెలుగులోనే మాట్లాడతారు.

ఈలోగా ఆధార్‌లో పేరు, పుట్టిన తేదీ బడి రికార్డుతో సరిపోయాయో చూసుకోండి. తేడా ఉంటే ఇప్పుడే దిద్దించండి, లేకపోతే ఐటీఐ దరఖాస్తు దగ్గర ఆగిపోతుంది.