గేటు దాటిన నీళ్లు

అమ్మాయీ, ఆశీస్సులు.

మందుల కంపెనీ అధినేత మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఆయన ఊరికి బడి కట్టించిన ఘట్టం బాగా పండింది. కానీ నీ కలం ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఆగిపోయింది. ఆ గేటు దాటిపోయే నీళ్ల వెంట కూడా నడవాల్సింది.

పటాన్‌చెరునే తీసుకో. అక్కడ దాదాపు 90 మందుల కంపెనీల మురుగు చేరే ఉమ్మడి శుద్ధి కేంద్రం నీటిని స్వీడన్ పరిశోధకులు పరీక్షించి, 2007లో ఫలితాలు ప్రచురించారు. శుద్ధి అయ్యాక కూడా లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉంది. ఆ మాత్ర మింగిన రోగి రక్తంలో ఉండే మోతాదు కన్నా అది ఎక్కువ. ఇక్కడ కాస్త నిలబడి చూడు. అలాంటి కేంద్రాల్లో మురుగును తినిపెట్టేది బ్యాక్టీరియానే. అదే తొట్టిలో బ్యాక్టీరియాను చంపే మందు! చావగా మిగిలేవి మందుకు లొంగనివి, ఆ గుణాన్ని పక్కవాటికీ అందిస్తాయి. నీళ్లు ఇసకవాగులో పడి, నక్కవాగు మీదుగా మంజీరలో కలుస్తాయి. రేపు ఏ ఆసుపత్రిలోనో ఎవరికో ఆ మందు పనిచేయకపోతే, దాని వెనక ఈ వాగు ఉందేమోనన్న అనుమానం కూడా ఎవరికీ రాదు.

తర్వాత ఆ నీటిని పైపులైను వేసి హైదరాబాద్‌లోని అంబర్‌పేట మురుగు శుద్ధి కేంద్రానికి మళ్లించారు. గోదావరి వైపు పోయేది మూసీ మీదుగా కృష్ణ వైపు తిరిగింది. వాగు ఒడ్డు రైతుకు కొంత ఊరటే. కానీ మన వాకిలి చెత్తను పక్కింటి వాకిట్లోకి తోస్తే ఊడ్చినట్టవుతుందా?

అలాగని యజమానిని దుర్మార్గుడిగా రాయకు. అది తేలిక, అబద్ధం కూడా. మందు చవగ్గా కావాలనే విదేశీ కొనుగోలుదారు, తానొక్కడే శుద్ధికి ఖర్చు పెడితే ఆర్డరు పక్క కంపెనీకి పోతుందన్న భయం, రెండూ ఆయన బల్ల మీదే ఉంటాయి. అయినా ఆ బల్ల ముందు కూర్చున్నది ఆయనే, రైతు కాదు. పోటీదారులను పిలిచి, అందరికీ ఒకే నియమం పెట్టమని ప్రభుత్వాన్ని అడగగల పలుకుబడి ఆయనకుంది. అడిగారా? నీ వ్యాసంలో ఆ మాటే లేదు. బడి సంగతంటావా, పెద్ద కంపెనీలు లాభంలో 2 శాతం సమాజానికి ఖర్చు చేయాలని 2013 కంపెనీల చట్టమే చెబుతోంది.

తిరగరాసే ముందు ఇసకవాగు గట్టు మీద ఒక పూట నడిచి రా. అక్కడ పశువులు కాసేవాళ్లను బోరు నీళ్లు తాగుతున్నారా అని అడుగు. ఆయన్ని రెండోసారి కలవడం ఆ తర్వాతే.