వంగిపోయిన వెన్నుకు 63 ఏళ్ళ వయసులో ఆపరేషన్ చేయించవచ్చా?

మీ నాన్నగారికి 63 ఏళ్ళు, ముందుకు వంగిపోయి నాలుగు అడుగులకే ఆగిపోతున్నారు, వెన్ను సరిచేసే ఆపరేషన్ తర్వాత మామూలుగా ఉంటారా అని అడిగారు కదండీ. మా అమ్మకు 66వ ఏట ఆ ఆపరేషన్ అయి రెండేళ్ళు దాటింది. నొప్పి బాగా తగ్గింది, నిటారుగా నడుస్తోంది. కానీ ‘మామూలుగా’ అంటే మాత్రం కాదు.

చాలాకాలం వయసు వల్ల వచ్చిన వంపే అనుకున్నాం. వంటగట్టు మీద మోచేతులు ఆనించి కూరలు తరిగేది. సూపర్ మార్కెట్‌లో బండి తోస్తూ మాత్రం ఎంతసేపైనా తిరిగేది. ఇంట్లోనే నడవలేదేం అని వెక్కిరించాం కూడా. ముందుకు ఒరిగిన ఒంటికి ఆ బండే ఊతమని తర్వాత తెలిసి సిగ్గేసింది.

మూడు చోట్ల పడుకోబెట్టి నడుము వరకే ఎక్స్‌రే తీసి, అరుగుదలని చెప్పి బెల్టు ఇచ్చారు. నాలుగో డాక్టరు నిలబెట్టి వెన్నంతా ఒకే ఫిల్ములో తీయించారు. పక్క నుంచి తీసిన ఫిల్ములో మెడ అడుగు పూస నుంచి నిలువుగా గీత గీశారు. అది త్రికాస్థి (నడుము కింద, పిరుదుల మధ్య ఉండే ఎముక) వెనక అంచు కంటే సుమారు 5 సెంటీమీటర్ల దాకా ముందుకు పడినా ఫర్వాలేదట. అమ్మకు 11 వచ్చింది. పక్కకు ఉన్న వంపు 34 డిగ్రీలు. 10 దాటితేనే స్కోలియోసిస్ అంటారని విని మేం హడలిపోతే, ‘ఆవిడ్ని ఎక్కువ బాధపెడుతున్నది ఇది కాదు, ముందుకు ఒరగడం’ అన్నారాయన. ముందు మీరూ ఆ హోల్ స్పైన్ స్టాండింగ్ ఎక్స్‌రే తీయించండి.

తర్వాత డెక్సా, అంటే ఎముకల గట్టితనం చూసే స్కాన్. అమ్మ ఎముకలు గుల్లబారాయి, ఆపరేషన్‌లో పూసలకు బిగించే మరలు వాటిలో గట్టిగా పట్టవు. ఆరు నెలలు రోజూ ఎముకలు గట్టిపడేందుకు టెరిపారటైడ్ ఇంజెక్షన్ పొట్ట మీద తనే చేసుకుంది. ఇన్ని నెలలేంటని అప్పుడు విసుక్కున్నాను గానీ, ఆగడమే మంచిదైంది. నాన్నగారికి చుట్టో సిగరెట్టో అలవాటుంటే ముందే మానిపించండి, నికోటిన్ ఉంటే ఆపరేషన్ తర్వాత పూసలు ఒకదానికొకటి సరిగా అతుక్కోవు.

ఆపరేషన్ తొమ్మిది గంటలు పట్టింది. వీపు కింది భాగం నుంచి కటి ఎముక దాకా మరలు, వాటిని కలుపుతూ రెండు రాడ్లు. నరాలు దెబ్బతినకుండా కాళ్ళకు వైర్లు పెట్టి మధ్యమధ్య సిగ్నల్ చూసుకుంటారు. ఇంటికొచ్చాక చూస్తే పాత లంగాలన్నీ చీలమండల పైకి తేలాయి, అంత ఎత్తు పెరిగింది!

ఇక ఆ మామూలు సంగతి. పూసలన్నీ ఒకే కడ్డీలా అతికాక నడుము వంగదు. తుంటి దగ్గర వంగాల్సిందే. పీట మీద కూర్చోవడం లేదు, ముగ్గు వేయడం లేదు. కాలిగోళ్ళు నేను తీస్తాను. దొడ్డికెళ్ళాక వెనక్కి చేయి అందక మొదటి నెల ఏడ్చేసింది, పొడవు పిడి ఉన్న స్ప్రే అమర్చాక కుదిరింది. ఈ మాట ఆసుపత్రిలో ఎవరూ ముందు చెప్పలేదు, నాకు కోపం దానికే. మీ ఇంట్లో నేల మీద దొడ్డి ఉంటే కమోడ్ ముందే పెట్టించండి.

ఇంకోటి, ఒక్క ఆపరేషన్‌తో అయిపోతుందన్న హామీ లేదు. పూసలు అతుక్కోకపోతే రాడ్ విరగొచ్చు. మరలు ఆగిన చోటికి పైన కొత్తగా వంపు రావచ్చు. అమ్మకు పైన కొద్దిగా మొదలైంది, ఆరు నెలలకోసారి ఎక్స్‌రే తీసి చూస్తున్నారు. ఎస్టిమేట్‌లో మరలు, రాడ్ల ధర విడిగా రాయించుకోండి, మాకు తేడా వచ్చింది అక్కడే.

నొప్పి ఒక్కటే అయితే ఫిజియో, ఇంజెక్షన్లు ప్రయత్నించి, ఇద్దరు డాక్టర్లను అడిగి నింపాదిగా తేల్చుకోవచ్చు. కాలిలో బలం తగ్గిపోవడం, మూత్రం పట్టు తప్పడం కనిపిస్తే మాత్రం ఈ లెక్కలేవీ వేసుకోకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళండి.