రొయ్యల చెరువులో బీటా గ్లూకాన్: వైట్ స్పాట్ ఆగుతుందా?

ప్రశ్న: భీమవరం దగ్గర మాది రెండెకరాల వనామీ చెరువు సార్. రెండున్నర లక్షల పిల్ల వేశాం, ఇవాళ్టికి 35 రోజులు. పక్క చెరువుకి వైట్ స్పాట్ వచ్చి మొన్న పట్టేశారు. మందుల షాపాయన బీటా గ్లూకాన్ పౌడర్ ఇచ్చి, కిలో మేతకి 5 గ్రాములు కలిపి పట్టుబడి దాకా రోజూ పెట్టండి, వైట్ స్పాట్ దగ్గరికి కూడా రాదు అంటున్నాడు. నిజమేనా? మా నాన్నగారు ఇమ్యూనిటీకని ఇదే పేరున్న క్యాప్సూల్స్ వేసుకుంటున్నారు, రెండూ ఒకటేనా?

జవాబు: పౌడర్ మంచిదేనండి, "దగ్గరికి కూడా రాదు" అన్నదే అబద్ధం. వైట్ స్పాట్ వైరస్‌ని చంపే మందు ఇప్పటిదాకా ఏదీ లేదు.

బీటా గ్లూకాన్‌ని ఎక్కువగా ఈస్ట్ కణం గోడ నుంచి తీస్తారు. రొయ్యకి మనలాగా యాంటీబాడీలు తయారవ్వవు, దాని రక్తంలో తిరిగే కణాలే దానికి కాపలా. బూజు జాతి గోడల్లో కూడా ఈ గ్లూకానే ఉంటుంది కాబట్టి ఇది తగలగానే ఒంట్లోకి ఏదో చొరబడింది అనుకుని ఆ కణాలు లేస్తాయి, ప్రోఫినాల్ఆక్సిడేజ్ అనే వ్యవస్థ ఆన్ అవుతుంది (దెబ్బ తగిలినచోట రొయ్య నల్లబడుతుంది చూశారా, ఆ నలుపు దీని పనే). అంటే దొంగ రాకముందే కుక్కని లేపి కూర్చోబెట్టడం లాంటిది. ట్రయల్స్‌లో ఇది తిన్న రొయ్యలు విబ్రియో అనే బ్యాక్టీరియాకి, కొన్నిట్లో వైట్ స్పాట్‌కి కూడా తినని వాటికంటే ఎక్కువ తట్టుకున్నాయి. తట్టుకోవడం వేరు, రాకపోవడం వేరు.

ఇక రోజూ పెట్టమన్నాడు కదా, అది వద్దు. "నాన్నా పులి" కథే అవుతుంది, వారాల తరబడి ఆపకుండా పెడితే ఆ కణాలు స్పందించడం తగ్గిపోతుంది. నేనైతే వారం పెట్టి వారం పది రోజులు ఆపమంటా, అది కూడా అమావాస్య, పౌర్ణమికి ముందు పడేలా చూసుకోండి, ఎలాగూ అప్పుడే ఎక్కువ రొయ్య పొట్టు విడిచి నీరసంగా ఉంటుంది.

డోసు దగ్గరే మనవాళ్లు ఎక్కువ మోసపోతారు. మామూలుగా కిలో మేతకి 1 నుంచి 2 గ్రాముల గ్లూకాన్ అందాలి, పౌడర్ కాదు, గ్లూకాన్. మీకు రోజుకి 40 కిలోల మేత పడుతుందనుకుంటే షాపాయన లెక్కన 200 గ్రాముల పౌడర్. డబ్బా మీద 20 శాతం అని ఉంటే అందులో గ్లూకాన్ 40 గ్రాములు, కిలోకి సరిగ్గా 1 గ్రాము, సరిపోయింది. 70 శాతం సరుకైతే అదే పనికి 57 గ్రాములు చాలు. శాతమే రాయని డబ్బా అయితే వెనక్కిచ్చెయ్యండి. కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ రిజిస్ట్రేషన్, యాంటీబయాటిక్ లేదన్న మాట కూడా ఉన్నాయో లేదో చూడండి. కలిపేటప్పుడు కొంచెం నీళ్లలో పల్చగా చేసి మేతకి పట్టించి, పైన బైండర్ జెల్ (మేతకి పౌడర్ అంటుకుని ఉండేలా చేసే జిగురు) వేసి, నీడలో అరగంట ఆరబెట్టండి, లేకపోతే సగం నీళ్లపాలే.

ఇప్పుడు మీ అసలు ప్రమాదం ఆ పక్క చెరువు. వాళ్లు క్లోరిన్ వెయ్యకుండా డ్రెయిన్‌లోకి నీళ్లు వదిలుంటే కొన్నాళ్లు అక్కడి నుంచి చుక్క కూడా తోడుకోకండి. గట్టు చుట్టూ పీతలు ఎక్కకుండా వల కట్టండి, పైన కాకులకి దారాలు లాగండి, వాళ్ల వలలు, బకెట్లు అడిగి తెచ్చుకోకండి, రాత్రి కరెంటు పోతే జనరేటర్ మీద అయినా ఏరేటర్లు ఆగకూడదు. చెక్ ట్రేలో (రొయ్య మేత తింటుందో లేదో చూడ్డానికి నీళ్లలో దించే పళ్లెం) మేత మిగిలినా, రొయ్య ఎర్రబడి గట్టు వారకి వస్తున్నా రెండు మూడు తీసి తల చిప్ప ఊడదీసి వెలుగుకి పట్టి చూడండి, తెల్ల చుక్కలు లేకపోయినా పీసీఆర్ టెస్ట్ ఆ రోజే ఇవ్వండి.

నాన్నగారి సంగతి. ఈస్ట్‌ది అయితే పదార్థం అదే జాతి, మన తెల్ల రక్తకణాల మీద కూడా దాన్ని పట్టుకునే డెక్టిన్-1 అనే రిసెప్టర్ ఉంది. కొన్ని ట్రయల్స్‌లో జలుబు లక్షణాలు కాస్త తగ్గాయి, అంతకంటే పెద్ద ఆశ పెట్టుకోకండి. ఓట్స్‌లో ఉండే గ్లూకాన్ అల్లిక వేరు, అది రోజుకి 3 గ్రాములు తింటే కొలెస్ట్రాల్ కొంచెం తగ్గించే రకం. కిడ్నీ మార్పిడి లాంటివి జరిగి ఇమ్యూనిటీ తగ్గించే మందులు వాడేవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడక్కుండా ముట్టుకోకూడదు. ఒకటేగా అని చెరువు డబ్బాలోంచి ఆయనకి చెంచా తీసివ్వకండి సుమా, అది మేత గ్రేడు సరుకు.