62 ఏళ్ల పదవీ విరమణ: వరుసలో ఉన్నవారు, ఇంకా చేరనివారు

ప్రశ్న: నాకు 33 ఏళ్లు. ఎం.ఎస్సీ., బి.ఎడ్. పూర్తిచేసి, ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో కూర్చుని డీఎస్సీకి చదువుతున్నాను. మా నాన్నగారు జిల్లా పరిషత్ హైస్కూల్లో స్కూల్ అసిస్టెంటు. విరమణ వయసు 62కి పెరగడంతో ఇంకా సర్వీసులోనే ఉన్నారు. పెద్దవాళ్లు దిగకపోవడం వల్లే మాకు ఖాళీలు రావడం లేదని నేనంటాను, వయసు పెంచితే పోస్టులేమీ తగ్గిపోవని ఆయనంటారు. ఎవరి మాట నిజమండీ?
– ఒక పాఠకురాలు, మద్దిలపాలెం

జవాబు: పోస్టులు తగ్గవన్న మీ నాన్నగారి మాట నిజమే. అయితే ఆ పోస్టు ఎప్పుడు ఖాళీ అవుతుందన్నది మీ బోటివారికి అంతే ముఖ్యం. 2014 జూన్ 2 నుంచి అమల్లో ఉన్న 60 ఏళ్ల పరిమితిని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 జనవరి 1 నుంచి 62కి పెంచింది. ఆ నెలలో దిగవలసినవారు 2024 జనవరిలో గాని దిగలేదు కనుక, మధ్యలోని రెండేళ్లలో స్వచ్ఛంద విరమణలు, మరణాలు మినహాయిస్తే, వయసు నిండి ఇంటికి వెళ్లినవారు దాదాపు లేరనే చెప్పాలి. ఒక హెడ్మాస్టరు దిగితే ఆ కుర్చీలోకి ఒక స్కూల్ అసిస్టెంటు, ఆయన స్థానంలోకి ఒక సెకండరీ గ్రేడ్ టీచరు పదోన్నతిపై వెళ్తారు. ఆ చివర మిగిలే ఖాళీ డీఎస్సీకి వస్తుంది. పైన కదలిక ఆగితే అడుగున కూడా ఆగుతుంది.

ఇప్పటికే సర్వీసులో ఉన్నవారికి ఈ ఆలస్యం చివరికి సర్దుకుంటుంది. 50వ ఏట రావలసిన పదోన్నతి 52వ ఏట వచ్చినా, ఆ పదవిలో ఉండేది అప్పుడూ పదేళ్లే, ఇప్పుడూ పదేళ్లే. వరుస మొత్తం రెండేళ్లు వెనక్కి జరిగిందంతే. వరుసలోకి ఇంకా చేరనివారి సంగతి వేరు. మీరు 33కి బదులు 35వ ఏట చేరి 62 దాకా పనిచేస్తే మొత్తం సర్వీసు 27 ఏళ్లే అవుతుంది, కాగితం మీద నష్టమేమీ కనపడదు. కానీ పెళ్లి, పిల్లలు, ఇంటి అద్దె అన్నీ మీదపడే వయసులో రెండేళ్ల జీతం పోతుంది, దానికి బదులుగా దక్కే రెండేళ్లు 60 దాటాక గాని రావు. పైగా గరిష్ఠ వయోపరిమితి ఒకటి ఉంది. 2025 డీఎస్సీలో జనరల్ అభ్యర్థులకు దాన్ని 44కి సడలించారు. ఆ అంచున నిలబడినవారికి రెండేళ్ల ఆలస్యమంటే అవకాశం పూర్తిగా పోవడమే.

అయినా నింద మొత్తం మీ నాన్నగారి తరం మీద వేయడం న్యాయం కాదు. 2018 డీఎస్సీ తరవాత, 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు వెలువడిన ప్రకటన రద్దయి, 16,347 పోస్టుల మెగా డీఎస్సీ ప్రకటన 2025 ఏప్రిల్‌లో గాని రాలేదు. విరమణలు ఆగింది రెండేళ్లయితే, నియామకాలు ఆగింది అంతకు మూడింతలు. వయసు తగ్గిస్తే యువతకు ఉద్యోగాలు వస్తాయన్న వాదనతో 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం 58 ఏళ్ల పరిమితిని 55కి తగ్గించినప్పుడు వేలమంది ఒకే నెలాఖరున ఇంటిదారి పట్టారు. మరుసటి ఏడే దాన్ని తిరిగి 58 చేయవలసి వచ్చింది. ఇప్పటి పెంపులో ఖజానాకు ఒక వెసులుబాటు కూడా ఉంది: గ్రాట్యుటీ, కమ్యుటేషన్ (పింఛనులో కొంత భాగానికి బదులు ముందే ఇచ్చే మొత్తం), 300 రోజుల దాకా సంపాదిత సెలవుల నగదు ఒక్కసారిగా చెల్లించవలసిన అవసరం రెండేళ్లు వాయిదా పడింది. అప్పటికి మూలవేతనం పెరిగి ఉంటుంది కాబట్టి ఆ బిల్లు మరింత పెద్దదై తిరిగి వస్తుందని వేరే చెప్పనక్కరలేదు.

ప్రశ్న: నేను స్టీల్‌ప్లాంట్ ఉద్యోగిని. 62 ఏళ్ల నిబంధన మాకూ వర్తిస్తుందా?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: వర్తించదు. మీది కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థ. అక్కడ 60 ఏళ్లే. రాష్ట్ర చట్టానికి మీ సంస్థపై అధికారం లేదు.

ప్రశ్న: 2006లో జూనియర్ అసిస్టెంటుగా చేరాను, సీపీఎస్‌ (వాటా కట్టే పింఛను పథకం)లో ఉన్నాను. మా సీనియర్లు విరమణ వయసు పెరిగిందని సంతోషించారు. నాకు మాత్రం పదోన్నతి వెనక్కిపోయింది. ఇందులో నాకు మేలేమైనా ఉందా?
– ఒక పాఠకుడు, సీతమ్మధార

జవాబు: ఉంది గాని, మీ సీనియర్లకు దక్కినంత లేదు. 2004 సెప్టెంబరు 1కి ముందు చేరినవారిలో పూర్తి సర్వీసు ఉన్నవారి పింఛను చివరి మూలవేతనంలో సగం కనుక, అదనపు రెండేళ్ల ఇంక్రిమెంట్లు బతికినన్నాళ్లూ పింఛనులో కలిసి వస్తాయి. మీకు అటువంటి హామీ లేదు. మూలవేతనం, డీఏలపై మీరు కట్టే 10 శాతం, ప్రభుత్వం జమచేసే 10 శాతం కలిసి పెరిగిన నిధిలో కనీసం 40 శాతంతో యాన్యుటీ (పింఛనులా క్రమంగా సొమ్ము ఇచ్చే పథకం) కొనుక్కోవాలి. మరో రెండేళ్లు జమ పడటం, ఆ నిధి రెండేళ్లు ఎక్కువగా పెరగడం మీకు లాభాలు. పదోన్నతి ఆలస్యమై మధ్యవయసులో తక్కువ జీతంపై తక్కువ జమ పడటం నష్టం, అదీ పెరగడానికి ఎక్కువ కాలం ఉన్న సొమ్ము విషయంలో. ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ స్కీము కింద 6, 12, 18, 24 ఏళ్లకు, పదోన్నతి లేకున్నా వచ్చే పై స్కేళ్లు ఈ నష్టాన్ని కొంత పూడుస్తాయి, కుర్చీని మాత్రం ఇవ్వవు. మీ ఖాతాలో ప్రభుత్వ వాటా నెలనెలా పడుతున్నదీ లేనిదీ చూసుకోవడం మీ చేతిలో ఉన్న పని. జమ ఆలస్యమైన ప్రతి నెలా దానిపై రావలసిన రాబడి పోతుంది.

ప్రశ్న: బడిలో వేసిన పుట్టినతేదీ 1962 జనవరి 1. రెవెన్యూ శాఖలో పనిచేసి 2021 డిసెంబరు 31న దిగిపోయాను. నాకంటే ఒక్కరోజు చిన్నవాడైన మిత్రుడు 2024 జనవరి నెలాఖరు దాకా పనిచేశాడు. కోర్టుకు వెళ్లవచ్చా?
– ఒక విశ్రాంత ఉద్యోగి, ఎంవీపీ కాలనీ

జవాబు: మీ బాధ అర్థమవుతోంది. నెల మొదటి తేదీన పుట్టినవారు ముందు నెల ఆఖరి రోజున విరమించాలన్న నిబంధన మిమ్మల్ని ఆ గీతకు అవతల నిలబెట్టింది. 1983లో 55 ఏళ్లకే బలవంతంగా దింపినవారికి, వయసు మళ్లీ 58 చేసిన మేలు అందాలని సుప్రీంకోర్టు 1985లో ప్రభాకరరావు కేసులో చెప్పిన మాట నిజమే. కానీ వారి సర్వీసును అప్పటికి ఉన్న వయసు కంటే తగ్గించి కోసేశారు. మీరు ఆనాడు అమల్లో ఉన్న 60 ఏళ్లూ నిండాకే విరమించారు. ఈ తేడా వల్ల కేసు నిలుస్తుందని నాకు నమ్మకం లేదు, ఖర్చు పెట్టుకోమని చెప్పలేను. దానికంటే మరో పని చూడండి. 2022 వేతన సవరణలో ఆర్థిక ప్రయోజనం 2020 ఏప్రిల్ 1 నుంచే వర్తిస్తుంది కాబట్టి, మీ పింఛను, గ్రాట్యుటీ, కమ్యుటేషన్ పాత స్కేలుపై కాక సవరించిన చివరి వేతనంపై లెక్కకట్టారో లేదో పింఛను ఉత్తర్వులో సరిచూసుకోండి. అలా జరగకపోతే, సవరణ ప్రతిపాదనలు అకౌంటెంట్ జనరల్ కార్యాలయానికి పంపమని మీరు పనిచేసిన ఆఖరి కార్యాలయానికి రాతపూర్వకంగా అర్జీ పెట్టి, రసీదు తీసుకోండి.